ఆయాసం లేదని ఊరుకోకండి

డుషేన్ కండరాల క్షీణత ఉన్న పిల్లవాడికి ఆయాసం రావడం లేదు కాబట్టి గుండె బాగానే ఉందనుకోవడం చాలా ప్రమాదం. పరుగెత్తేవాడికి ఆయాసం తెలుస్తుంది. వీల్‌చైర్‌లో కూర్చున్న బిడ్డకు గుండె నీరసించినా ఆ సంగతి బయటపడే సందర్భమే రాదు. ఆకలి మందగించడం, కడుపునొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం దాని గుర్తులు కావచ్చు. మనమేమో అజీర్తి అనుకుని ఏదో సిరప్ పట్టిస్తాం.

కాళ్ల కండరాల్లో లోపించిన డిస్ట్రోఫిన్ అనే ప్రొటీనే గుండె కండరంలోనూ లోపిస్తుంది. అది లేక, గుండె కొట్టుకున్నప్పుడల్లా కణాల పైపొర చిట్లుతుంది. కణాలు చచ్చి ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చకట్టిన చోటు ముడుచుకోదు. ఇది ఎక్కువగా ఎడమ జఠరిక వెనకవైపు, కింది గోడలో మొదలవుతుంది. ఎకోలో ఆ గోడ కదలిక తగ్గినట్టు కనిపించేసరికే మచ్చ చాన్నాళ్లుగా ఉండివుండొచ్చు. అందుకే రిపోర్టులో గుండె పంపింగ్ శక్తిని చెప్పే ‘ఎజెక్షన్ ఫ్రాక్షన్ నార్మల్’ అన్న ఒక్క ముక్క చూసి ఫైలు మూసేయకండి. మిగతా గోడలు బాగా పనిచేస్తున్నంతకాలం ఆ అంకె పడిపోదు. ఒక్కో గోడ కదలిక ఎలా ఉందో డాక్టరును అడగండి. కదలకుండా పడుకోగలిగే వయసు, అంటే ఆరేడేళ్లు వచ్చాక, గాడోలినియం అనే మందు ఇచ్చి తీసే గుండె ఎంఆర్‌ఐ ఆ మచ్చను ఇంకా ముందే పట్టిస్తుంది.

జబ్బు నిర్ధారణ కాగానే ఈసీజీ, ఎకో తీయించాలి. ఆ తర్వాత ఏటా తప్పదు. లక్షణాలు లేకపోయినా పదేళ్ల వయసుకల్లా ఏసీఈ ఇన్హిబిటర్ మందులు మొదలుపెట్టాలని 2018 నాటి అంతర్జాతీయ వైద్య సూచనలు చెబుతున్నాయి. దీనికి ఆధారం ఉంది. 2005లో ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో గుండె ఇంకా చెడని 57 మంది పిల్లల్లో సుమారు సగం మందికి ఈ రకం మందే అయిన పెరిండోప్రిల్ మొదటినుంచీ, మిగతావారికి మూడేళ్ల తర్వాత ఇచ్చారు. అయిదేళ్లు తిరిగేసరికి ముందుగా మందు పడినవారిలో ఒక్కరికే గుండె బాగా దెబ్బతింది. ఆలస్యమైనవారిలో ఎనిమిది మందికి దెబ్బతింది. పోయిన మూడేళ్లను ఆ తర్వాత వేసిన మందు పూడ్చలేకపోయింది. అలాగని సొంతంగా కొని వేయకండి. బీపీ, కిడ్నీ, పొటాషియం చూసి డాక్టరే మొదలుపెట్టాలి. ఈ జబ్బుకు స్టెరాయిడ్లు వాడుతుంటే ఉన్నట్టుండి ఆపకండి.

ఏ ఆపరేషన్‌కైనా ముందు, చిన్నదైనా సరే, మత్తు డాక్టరుకు జబ్బు పేరు చెప్పి తీరాలి. సక్సినైల్‌కోలిన్ ఇంజక్షన్ ఈ పిల్లల రక్తంలో పొటాషియాన్ని ఒక్కసారిగా పెంచి గుండెను ఆపేయగలదు. జబ్బు పేరు రాసిన కార్డు బిడ్డ దగ్గర ఎప్పుడూ ఉంచండి.

బెకర్ రకం కండరాల క్షీణతలో నడక బాగానే ఉండి గుండె ముందే దెబ్బతినొచ్చు. నడుస్తున్నాడు కదా అని పరీక్షలు వాయిదా వేయకండి.

ఇక తల్లి. ఈ జబ్బు తెచ్చే జన్యులోపం తనలోనూ ఉందని తేలితే, కాళ్లూచేతులూ బలంగా ఉన్నా ఆమె గుండె కూడా బలహీనపడే అవకాశం ఉంది. బిడ్డను ఎత్తడం, దించడంలో వచ్చే అలసటే అనుకుని ఆమె సరిపెట్టుకుంటుంది. బిడ్డకు ఎకో తీయించే రోజే ఆమెకూ తీయించండి.