సగం చాలినచోట మొత్తం ఎందుకు?

మెడ ముందు చిన్న గడ్డ. స్కానింగ్ తీశారు, సూది పరీక్ష చేశారు, పాపిల్లరీ క్యాన్సరని రిపోర్టు వచ్చింది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. మర్నాడు డాక్టరు ‘థైరాయిడ్ మొత్తం తీసేద్దాం, పీడా పోతుంది’ అంటే కాదనే ధైర్యం ఎవరికి? అయితే గడ్డ నాలుగు సెంటీమీటర్లు మించకుండా, గ్రంథిలో ఒక పక్కకే పరిమితమై, పొర దాటి బయటికి రాకుండా, మెడలోని లింఫు గ్రంథులకు పాకకుండా ఉంటే రెండో పక్కను కూడా తీసేయాల్సిన అవసరం చాలామందికి లేదు. సగం తీసినా సరిపోతుందన్న మాట కత్తి పట్టకముందే రోగి చెవిన పడాలి. దాన్ని దాచే హక్కు ఎవరికీ లేదు.

ఒకప్పుడు వైద్యుల ఆలోచన వేరు. 2007లో అమెరికాలో 52 వేలకు పైగా రోగుల రికార్డులు తిరగేసి, సెంటీమీటరు దాటిన గడ్డకు గ్రంథి మొత్తం తీస్తేనే ఆయుష్షు మెరుగని తేల్చారు. 2009లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలూ ఆ బాటే పట్టాయి. 2014లో అదే దేశపు క్యాన్సర్ రికార్డుల నుంచి 61,775 మంది వివరాలను మళ్లీ లెక్కకట్టారు. ఈసారి రోగికున్న ఇతర జబ్బులను, గడ్డ పొర దాటిందా లేదా అన్నదాన్ని, లింఫు గ్రంథుల పరిస్థితిని కూడా లెక్కలో చేర్చారు. ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్ల గడ్డల్లో మొత్తం తీసినవారికీ సగం తీసినవారికీ ఆయుష్షులో తేడా కనిపించలేదు. 2015లో మార్గదర్శకాలు మారాయి. ఈ లెక్కలన్నీ రికార్డుల ఆధారంగా చెప్పినవే, రోగులను రెండు జట్లుగా విడదీసి దశాబ్దాలపాటు గమనించి చెప్పినవి కావు. చావులు ఇంత అరుదైన క్యాన్సర్‌లో అలాంటి ప్రయోగానికి వేలమంది రోగులు, ఒక తరం కాలం కావాలి. అంతవరకూ అనుమానం వస్తే కోసేయడమే దారి అనుకోవడం మాత్రం వైద్యం కాదు.

ఎందుకంటే కోతకు ఖరీదుంది. గ్రంథి వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్‌లు సాధారణంగా నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం నిలకడగా ఉండేది వాటివల్లే. రెండు పక్కలా కోస్తే నాలుగింటికీ ముప్పే. అవి దెబ్బతింటే పెదాల చుట్టూ చిమచిమలు, చేతివేళ్లు కొంకర్లు పోవడం, కొంగున కాల్షియం మాత్రలు కట్టుకు తిరగడం. దక్షిణ కొరియాలో ఆపరేషన్ అయిన 15 వేలకు పైగా రోగుల్లో 11 శాతం మందికి పారాథైరాయిడ్ లోపం, 2 శాతం మందికి స్వరనాడి చచ్చుబడటం మిగిలాయి. పాఠం చెప్పే టీచరమ్మకు, గుడిలో భజన పాడే మనిషికి గొంతు పోతే ‘క్యాన్సర్ పోయిందిగా’ అన్న ఓదార్పు సరిపోతుందా? మొత్తం తీస్తే రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర తప్పదు. సగం ఉంటే కొందరు దాన్నీ తప్పించుకుంటారు.

ఆ కొరియా కథ మనకూ హెచ్చరికే. ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల్లో మెడ స్కానింగ్ కూడా కలిపేసరికి 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. చావులు మాత్రం పెరగలేదు, తగ్గలేదు. జపాన్‌లో కోబె నగరంలోని కుమా ఆసుపత్రి 1993 నుంచే సెంటీమీటరు లోపు గడ్డలను కోయకుండా స్కానింగ్‌తో కనిపెట్టి చూస్తోంది. పదేళ్లలో వాటిలో పెరిగినవి పదోవంతు కూడా లేవు.

మన సర్జన్ల వాదన ఒకటుంది, తీసిపారేయదగ్గది కాదు. ‘మనవాళ్లు మళ్లీ చూపించుకోవడానికి రారు. మొత్తం తీసేస్తే రక్తపరీక్షతోనే నిఘా పెట్టొచ్చు, అవసరమైతే రేడియో అయోడిన్ ఇవ్వొచ్చు’ అంటారు. ఏడాదికోసారి స్కానింగ్‌కు రాని మనిషి, జీవితాంతం రోజూ మాత్ర మింగుతూ మోతాదు సరిచూపించుకోవడానికి మాత్రం వస్తుందా? రోగి రాదన్నది గ్రంథి మొత్తం తీయడానికి కాదు, జిల్లా ఆసుపత్రిలో స్కానింగ్ ఏర్పాటు చేయడానికి కారణం కావాలి.

పెద్ద గడ్డలు, పొర దాటినవి, లింఫు గ్రంథులకు, ఊపిరితిత్తులకు పాకినవి, మెడుల్లరీ రకం, ఇవన్నీ వేరే లెక్క. అక్కడ మొత్తం తీయాల్సిందే, వెనకాడకూడదు. సగం తీశాక బయాప్సీలో జబ్బు ముదిరిన లక్షణాలు బయటపడితే రెండో ఆపరేషన్ అవసరం కావచ్చు. ఆ సంగతీ ముందే చెప్పాలి. ఎన్ని ఆపరేషన్లు చేసిన చెయ్యి అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. ఏడాదికి పాతికకు మించి థైరాయిడ్ ఆపరేషన్లు చేసే సర్జన్ల దగ్గర చిక్కులు తక్కువని అమెరికాలో 2017లో తేల్చారు. అక్కడే సగంమంది సర్జన్లు ఏడాదికి చేసింది ఒక్కటేనట!

మేం అడుగుతున్నవి కష్టమైనవి కావు. ఆపరేషన్ ముందు సంతకం పెట్టించుకునే కాగితం తెలుగులో ఉండాలి. దానిలో సగం, మొత్తం రెండు దారులూ, ఒక్కోదాని నష్టాలూ, సర్జన్ గత ఏడాది చేసిన థైరాయిడ్ ఆపరేషన్ల సంఖ్యా ఉండాలి. ఇక 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వాలతోపాటు దాని పేర్లు మారినా బిల్లుల రికార్డులు ప్రభుత్వాల దగ్గరే ఉన్నాయి. థైరాయిడ్ క్యాన్సర్‌కు సగం తీసినవెన్ని, మొత్తం తీసినవెన్ని, ఆ రోగుల్లో కాల్షియం పడిపోయి మళ్లీ ఆసుపత్రిలో చేరినవారెందరు, ఐదేళ్లకు, పదేళ్లకు జబ్బు తిరగబెట్టిందెందరికి? ఆసుపత్రుల వారీగా ఆ అంకెలను రెండు ప్రభుత్వాలూ బయటపెట్టాలి.