దయాధర్మమా? దాయభాగమా?

మన పట్టణములలోని మర్యాదస్థుల యిండ్లలో నొక క్రొత్త యాచారము ప్రబలినది. బిడ్డ పుట్టినదినమునాఁడో, పెద్దల తద్దినమునాఁడో యేదో యొక యంధపాఠశాలకో బధిరపాఠశాలకో పోయి, పిల్లలను బంతిగాఁ గూర్చుండఁబెట్టి, పులిహోరయుఁ బాయసమును వడ్డించి, వారి నడుమ నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని వచ్చెదరు. ఆఁకలిగొన్నవారికి నన్నము పెట్టుట తప్పని యెవఁడు చెప్పఁగలఁడు? తప్పు వేఱొకచోట నున్నది. ఆ చిత్రమును బంధువులకెల్లఁ జూపించు గృహస్థుని యింటనే వినికిడి లేని కూఁతు రొకతె యున్నచో, పెద్దదాని పెండ్లిచూపులకు వచ్చినవారి కంటఁ బడకుండ నామెను వెనుకటి గదిలో నుంచి తలుపు దగ్గఱగా వేసెదరు. పాఠశాలలోని చెవిటిపిల్ల పుణ్యమునకు సాధనము. ఇంటిలోని చెవిటిపిల్ల సంబంధమునకు విఘ్నము! ఈ రెండు పనులును నొక్క మనస్సునుండియే పుట్టుచున్నవని నా వాదము.

ఆ మనస్సు నేఁటిది కాదు. పుట్టుగ్రుడ్డివారికి, పుట్టుచెవిటివారికి, మూఁగలకు, ఉన్మత్తులకు, జడులకుఁ బితృధనమున భాగము లేదని మనుస్మృతి విధించినది. ఆ వెంటనే, వారికి శక్తికొలఁది గ్రాసవాసము లీయవలయుననియు, ఈయనివాఁడు పతితుఁడగు ననియుఁ జెప్పినది. చదువరులు గమనింతురు గాక: కూడు గుడ్డ లిచ్చుట ధర్మము, భాగ మిచ్చుట మాత్రము పనికిరాదు! ఇది తాటాకులలో నిదురించిన మాట కాదు. ఆంగ్లేయుల న్యాయస్థానములలోఁ గూడ నిది చెల్లుచుండెను. మన యాంధ్రులవలె మితాక్షర ననుసరించువారి విషయమున 1928వ సంవత్సరపు శాసన మొకటి పుట్టుకతోఁ గలిగిన యున్మాదజడత్వములను దక్క, తక్కిన వైకల్యములవలని యనర్హతను దొలఁగించెను. ఆ మిగిలినదియు 1956 నాఁటి హిందూ వారసత్వ చట్టముతోఁ బోయినది. రోగముచేతఁగాని, అంగలోపముచేతఁగాని యెవఁడును వారసత్వమునకు దూరుఁడు కాఁడని దాని 28వ సెక్షను స్పష్టముగాఁ బలుకుచున్నది.

కాగితముమీఁద భాగము వచ్చినది. మనస్సు మాత్ర మింకను గ్రాసవాసములకడనే యాగిపోయినది. ఇల్లు, పొలమువలెనే వీధియు, పాఠశాలయు, గ్రంథాలయమును, రైలుబండియు, కచ్చేరియు జనులందఱి యుమ్మడి యాస్తియే గదా! చక్రాల కుర్చీలోఁ గదలువానికి గ్రంథాలయపు మెట్లు పెట్టి, గడపవద్ద వానిచేతిలో నొక రూపాయి నుంచుట యెట్టిదనఁగా, అన్నదమ్ములు తండ్రి యిల్లు పంచుకొని యొకనికిఁ బండుగ పూఁట పంచె చాపు పంపుటవంటిది.

ఈ సంగతిని మాటలతోఁ గాక పనితో దేశమునకుఁ దెలిపినవారిలో జావేద్ ఆబిదీ యొకఁడు. అలీగఢ్‌లో 1965లో వెన్నెముక లోపముతోఁ బుట్టి, పెరిగి పెద్దవాఁడగుచుఁ జక్రాల కుర్చీ నాశ్రయించి, అమెరికాలోఁ బత్రికారచన చదివి, 1989లో స్వదేశమునకు వచ్చెను. తన పొట్టకూటికిఁ బాటుపడుచుఁ గాలము గడపియుండవచ్చును. అట్లు చేయక, తనకు నిత్యము తగులు ప్రతి యడ్డంకిని దనవంటి లక్షలాది జనుల యడ్డంకిగా లెక్కించెను. 1995 నాఁటి వికలాంగుల చట్టము కొఱకు జరిగిన పోరాటమున ముందువరుసలో నిలిచెను. విమానయానమున నంధులకుఁ గల రాయితీ కదలలేనివారికి నేల లేదని సర్వోన్నత న్యాయస్థానము తలుపు తట్టి, నూటికి ఎనుబది పాళ్లకుఁ దక్కువగాని చలనవైకల్యము గలవారికి దానిని 1998లో సాధించెను. 2001లో స్టీఫెన్ హాకింగ్ పండితుఁడు ఢిల్లీకి వచ్చినపుడు, ఆయన చూడఁగోరిన పురాతన కట్టడములకుఁ జెక్కతో వాలుదారులు కట్టఁబడినవి. ఎన్నిదినములు పట్టినది? కొద్దిదినములే! ఇన్నాళ్లును మనవారికి లేనిది పరదేశపు టతిథి కెట్లు సాధ్యమైనదని యడుగక తీఱదు. ఆబిదీ 2018లోఁ జనిపోవువఱకు నిట్టి ప్రశ్నలే యడుగుచుండెను. ఆయన దయను గోరలేదు, లెక్క యడిగెను. ఆ యడుగుటలోనే యాయన జీవితమునకుఁ బ్రయోజనము గలిగినది.

మనవారి యుదాహరణము కావలయునా? మచిలీపట్టణపు ప్రాంతమున నొక పల్లెలో రైతుకుటుంబమునఁ బుట్టిన శ్రీకాంత్ బొల్లాకుఁ బుట్టుకతోఁ జూపు లేదు. పదవ తరగతి పిదప గణితమును శాస్త్రములను జదువఁబోఁగా, పటములుండు చదువు లంధులకుఁ దగవని యధికారు లడ్డుపెట్టిరి. అతఁడు న్యాయస్థానమున కెక్కెను. కొన్ని నెలలకు నతనికి మాత్రమే కాక, రాష్ట్రములోని యంధవిద్యార్థుల కందఱకు నా చదువుల తలుపు తెఱువఁబడెను. పరీక్షలో నూటికి 98 మార్కులు తెచ్చుకొని, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునఁ జదివి వచ్చి, 2012లో హైదరాబాదున వికలాంగులకుఁ బని కల్పించు పరిశ్రమను స్థాపించెను. 2024లో నతని కథ హిందీ చలనచిత్రమై వచ్చినది. చూచినవారు కన్నీరు పెట్టుకొనిరి. పెట్టుకొందురు గాక! కాని యా కథలోఁ బ్రధానమైనది 98 మార్కులు కాదు, వ్యాజ్యము. నలువది మార్కులు మాత్రమే తెచ్చుకొను నంధబాలునికిని నా తరగతిలోఁ గూర్చుండు హక్కు కలదు. చూపున్న పిల్లలలో మందబుద్ధులను మనము బడినుండి తఱిమివేయుచున్నామా? అసాధారణులకు హారతు లెత్తి, సాధారణులను వెనుకటి గదిలోనికి నెట్టుట మన వీరపూజలోని మోసము.

ఇఁక మాటల సంగతి. 2015 చివర వికలాంగుల నందఱ దివ్యాంగులని పిలువవలయునని ప్రధానమంత్రి సూచింపఁగా, కచ్చేరీల పలకలు త్వరలోనే మాఱినవి. పలక మార్చుటకు రంగుడబ్బా చాలును. మెట్లు మార్చుటకు సిమెంటు కావలయును. ఆ బిరుదము మాకు వలదని వికలాంగుల సంఘములే పెక్కు మొఱపెట్టినవి. నిజమునకు మనము మార్చుకొనవలసిన భాష నాలుకమీఁదనే యున్నది. తెలివిమాలిన పనికి గ్రుడ్డెద్దు చేలోఁ బడినట్లని, వ్యర్థమైన బోధకుఁ జెవిటివాని ముందు శంఖ మూఁదినట్లని పిల్లల యెదుట నెన్నిమాఱు లనుచున్నాము! నాటకములలోను సినిమాలలోను నత్తివాఁడు నోరు తెఱచుటయే హాస్యము. 2024 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము చలనచిత్రములలో వైకల్యమును జూపు పద్ధతినిగూర్చి సూత్రములు చెప్పి, నవ్వుటాటకును నవమానమునకును నడుమ గీఁత గీచినది. పదిమంది యెదుట వికలాంగుని గావలెనని యవమానించువానికి 2016 నాఁటి చట్టము 92వ సెక్షను ఆఱునెలలనుండి యైదేఁడ్లవఱకుఁ జెఱ విధించుచున్నది. మన పంతులుగార్లలో నెందఱికిఁ దెలియును?

ఆ చట్టమే 1995 నాఁటి యేడు వైకల్యములను ఇరువదియొకటిగా విస్తరించి, ప్రభుత్వోద్యోగములలో నూటికి మూఁడుగా నున్న భాగమును నాలుగు చేసినది. ప్రజోపయోగములైన కట్టడముల నన్నిటిని, నిబంధనలు వెలువడిన యైదేఁడ్లలో వికలాంగులకు నందుబాటుగాఁ జేయవలయునన్నది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చినవి. గడువు 2022తోఁ దీఱినది. మన యూరి కచ్చేరీలను జూచినవారికి ఫలితము వేఱుగఁ జెప్పనక్కఱలేదు. ఈ విషయమై హైదరాబాదులోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రము చేసిన పరిశోధన నాధారముగాఁ గొని, 2024 నవంబరు 8వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, ప్రభుత్వము చేసిన నిబంధనలు వట్టి సలహాలుగా నున్నవనియు, విధిగా నాచరింపవలసినవానిని మూఁడు నెలలలోఁ జేయవలయుననియుఁ దీర్పు చెప్పెను. సలహాకును శాసనమునకును భేద మేమనఁగా, మొదటిది మెట్లవద్ద నమస్కారము పెట్టి పోవును. రెండవది మెట్లను దీయించును.

“మా గ్రంథాలయమునకుఁ జక్రాల కుర్చీలో నెవఁడును రాఁడు గదా! ఎవనికొఱ కింత వ్యయము?” అని కార్యదర్శిగారు ప్రశ్నింతురు. వంతెన లేని యేటిని దాఁటువారు లేరు గనుక వంతెన యక్కఱలేదనుట యెట్టి తర్కమో యిదియు నట్టిదే. వారు లేకపోలేదు, మనము లెక్కింపలేదు. 1991 జనాభా లెక్కలో నీ ప్రశ్నయే లేదు. వికలాంగుల సంఘములు పోరాడఁగా 2001లోఁ జేర్చఁబడినది. 2011లో దేశమున 2 కోట్ల 68 లక్షలమంది, అనఁగా నూటికి రెండింటికిఁ గొంచె మెక్కువగా, వికలాంగులని తేలినది. ప్రపంచ జనులలో నూటికి పదునాఱుగురని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోఁ జెప్పినది. రెండిటి కొలమానములు వేఱన్నమాట నిజమే. ఐనను నింత యంతరము కొలమానములవలననే కలుగదు. లెక్క వ్రాసికొనువాఁడు గుమ్మమున నిలిచి యడిగినపుడు, సంబంధములు చెడునను భయమున “మా యింట నట్టివా రెవ్వరును లేరు” అని చెప్పిన గృహస్థులు చదువుకొన్నవారిలో లేరా? తరువాతి లెక్క 2027కు నిర్ణయింపఁబడినది. ఇంటింట నాఁడువారు దీనినిగూర్చి యిప్పుడే ముచ్చటించుకొనిన మేలు. దాఁచు పని సాధారణముగా వారి చేతికే యప్పగింపఁబడుచున్నది.

వ్యయమునుగూర్చి కార్యదర్శిగారికి నింకొకమాట. వాలుదారి కడుగెత్తునకుఁ బండ్రెండడుగుల పొడవు వలయును. మూఁడడుగుల యరుగునకు ముప్పదియాఱడుగులు. మన కంట్రాక్టరులు పదియడుగులలో ముగించి, నూనె పీపాలు దొరలించుటకుఁ దగిన జాఱుడుబండ నొకటి కట్టి, బిల్లు వ్రాయుచున్నారు. దానిపై నెక్కఁబోయినవాఁడు వెల్లకిలఁ బడును. కావున వార్షికసభలో లేచి, టేపు పట్టి కొలిచితిరా యని యడుగుఁడు. సభకుఁ జక్రాల కుర్చీవానినే యధ్యక్షునిగాఁ బిలిచి, వేదిక యెక్కుమనుఁడు. మఱియు, కట్టిన పిదప దాత పేరు చెక్కిన చలువఱాతి పలకను మాత్రము దానికిఁ దగిలింపవలదు. అది పన్నుల సొమ్ముతోఁ గట్టవలసినది. ఆ పన్నులలో వాని పన్నును గలదు.