వదలుట వేఱు, వదులుకొనుట వేఱు



ఈ నెల మనము నేర్చుకొనదలచిన ఆంగ్ల క్రియాపదము ‘రిలింక్విష్’. ఇది వంటయింటిలో గాని అంగడిలో గాని వినబడు మాట కాదు. అయినను ఏదో యొకనాడు దస్తావేజు రూపమున మన గడప త్రొక్కి మన చేవ్రాలు కోరు మాట. కావున దీని యర్థమును పరీక్షలకు చదువు పిల్లలకంటె గృహిణులమే ముందుగా నెఱుగవలసి యున్నది.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి చూచినచో, ఉద్యోగ పరీక్షలకై జిల్లాలనుండి వచ్చి అశోక్‌నగరు గదులలో తలదాచుకొన్న పిల్లలు పదముల పట్టికలు చేతబట్టి వల్లెవేయుచు కనబడుదురు. ఆ పట్టికలలో నీ పదమున కెదురుగా ‘వదలిపెట్టు’ అని యొక్క మాట యుండును. నాలుగు జవాబులలో సరియైన దానిని గుర్తించుటకు అది చాలును; కాగితముపై సంతకము చేయువారికి మాత్రము చాలదు.

ముందు పలుకుబడి. నడిమి ‘లింక్’ అను భాగము నూనిపలుకవలెను. ఇది సకర్మక క్రియ. అనగా దేనిని వదులుకొనుచున్నారో చెప్పక వాక్యము పూర్తి కాదు. ‘షీ రిలింక్విష్డ్ హర్ క్లెయిమ్’ అనగా ఆమె తన హక్కును వదులుకొనినదని యర్థము. ఎవరికొఱకు వదులుకొనినదో చెప్పవలసినపుడు ‘టు’ అనియో, దస్తావేజులలో ‘ఇన్ ఫేవర్ ఆఫ్’ అనియో చేర్తురు. పత్రములలో దీని ముందు ‘హియర్‌బై’ అను మాట తఱచుగా నుండును. ‘ఇందుమూలముగా’ అని దాని భావము. అనగా వదులుకొనుట మున్ముందు జరుగబోవు పని కాదు. ఆ వ్రాతతోడనే జరుగుచున్న పని.

ఇక సమానార్థకములని చెప్పబడు మాటలనుండి దీనిని వేఱుచేసి చూతము. నలుడు నిద్రించుచున్న దమయంతిని అడవిలో విడిచిపోయెను. అది ‘అబాండన్’. హరిశ్చంద్రుడు రాజ్యమును విశ్వామిత్రునకు ధారపోసెను. అది దానము, ‘గిఫ్ట్’. దేవవ్రతుడు తండ్రికొఱకై సింహాసనముపై తనకు గల హక్కును సత్యవతికి పుట్టబోవు బిడ్డలకై వదులుకొని భీష్ముడాయెను. ‘రిలింక్విష్’ అనగా నదియే. ఇచట నొక విషయము గమనింపుడు. దాశరాజు శంతనుని కొలువులోని మఱియొకరి ననుమతి యడుగలేదు. సింహాసనము దేవవ్రతునిది కనుకనే దేవవ్రతుని మాట కావలసివచ్చెను. అడుగుటయే హక్కునకు సాక్ష్యము.

మన తెలుగు ఈ భేదమును ఒక చిన్న ‘కొను’తో చెప్పుచున్నది. దూడను వదలుదుము, నీరు వదలుదుము. వానిని వదులుకొంటిమని యనము. ‘వదులుకొను’ అన్నంతనే అది మన సొంతమనియు, దానివలన మనకు లోటు కలుగుననియు స్ఫురించును. కావున ‘రిలింక్విష్’నకు ‘వదలిపెట్టు’ సగము అర్థము; ‘వదులుకొను’ పూర్తి యర్థము.

పదమూలము గూడ నిదియే చెప్పును. ఈ మాట లాటిను భాషలోని ‘లింక్వెరె’ అను క్రియనుండి పుట్టినది. విడుచుట దాని యర్థము. మన సంస్కృతమున ‘రిచ్’ ధాతువు దానికి తోబుట్టువని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. రిక్తము, రేచకము అను మాటలు ఆ ధాతువునుండియే వచ్చినవి. పూరకము లేనిదే రేచకము లేదు. లోనికి పీల్చిన గాలినే గదా వెలికి విడువగలము. విడిచిన పిదప మిగులునది రిక్తహస్తము. మన నగరమున ఉర్దూ రాజభాషగా నున్న కాలపు పెద్దలు దీనినే ‘దస్త్‌బర్దారీ’ యనిరి. చేయి వెనుకకు తీసికొనుట యని భావము. ఏ భాషయైనను చేతిలో నుండినదానిని గూర్చియే చెప్పుచున్నది.

ఈ మాట మన యింటికి వచ్చు త్రోవ పుట్టింటి ఆస్తి. హిందూ కుటుంబములలో, వీలునామా వ్రాయక మరణించిన తండ్రి స్వార్జితమునందు 1956 నాటి వారసత్వ చట్టము కుమార్తెకును కుమారునితో సమముగా భాగమిచ్చినది. ఉమ్మడి ఆస్తిలో ఆంధ్రప్రదేశ్ సవరణ 5-9-1985 నుండి, నాటికి పెండ్లి కాని కుమార్తెలకు జన్మహక్కు కల్పించినది. 9-9-2005 నుండి కేంద్ర సవరణ పెండ్లియైన వారికిని వర్తించినది. ఆ నాటికి తండ్రి జీవించి యుండవలెనను నియమము లేదని సుప్రీము కోర్టు 11-8-2020న తీర్పు చెప్పినది. 20-12-2004కు ముందే రిజిస్టరైన పంపకములను మాత్రము ఈ సవరణ కదల్పదు.

ఇట్టి హక్కును సోదరులకు వదులుకొను పత్రమే ‘రిలింక్విష్‌మెంట్ డీడు’, అనగా హక్కు విడుదల పత్రము. స్థిరాస్తికి సంబంధించినదగుటచే 1908 నాటి చట్టము ప్రకారము అది రిజిస్టరు కావలెను. అటుపిమ్మట మనసు మాఱినదని మన మొక్కరమే దానిని త్రిప్పికొనలేము; మోసమో బలవంతమో జరిగినదని న్యాయస్థానమున ఋజువు చేయవలసి యుండును. మఱియొకటి. తండ్రి జీవించి యుండగా ఆయన స్వార్జితములో మనకు మున్ముందు రాగలదనుకొను భాగము ఆశయే గాని హక్కు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము అట్టి ఆశను బదిలీ చేయరాదన్నది. లేనిదానిని వదులుకొనుట పొసగదని వ్యాకరణమును న్యాయమును ఏకకంఠముగా పలుకుచున్నవి.

మా యెఱుకలో నొక గృహిణి కలదు. ఆమెకు పుట్టింటినుండి ఇట్టి పత్రము వచ్చెను. “అన్నయ్య అడిగిన తరువాత కాదనగలనా? ఆడపిల్లకు పుట్టింట నేమున్నది?” అని ఆమె కలము చేతబట్టినది. గ్రంథాలయమునుండి అప్పుడే వచ్చిన కుమార్తె పత్రము చదివి, “అమ్మా, నీకేమియు లేనిచో నీ సంతకము మామయ్య కెందుకు?” అని యడిగెను. ఆమె కలము దించి, అన్నగారికి జాబు వ్రాసినది: “అన్నయ్యా, ఏది నాదో ముందు తెలుపుము. అందులో నేది నీకిత్తునో తరువాత నేను చెప్పెదను.” ఆయన కొన్నాళ్లు మాటలాడలేదు. పిదప సర్వే నెంబరులతో సహా వివరము పంపినాడు. వృద్ధురాలైన తల్లితో ఆయన కాపురముండు ఇంటిలోని భాగమును ఆమె సంతోషముగా వదులుకొనినది. పొలములోని భాగమును నిలుపుకొనినది. రాఖీ పున్నమకు రాకపోకలు ఎప్పటివలెనే సాగుచున్నవి.

తోబుట్టువులతో తగవు పెట్టుకొనుడని మేము చెప్పుట లేదు. ప్రేమతో వదులుకొనుట గొప్పగుణమే. అయితే ఉన్నదని యెఱిగి యిచ్చినప్పుడే అది త్యాగము. ఎఱుగక యిచ్చినది పోగొట్టుకొనుట. మాడపాటి హనుమంతరావుగారి పూనికతో 1928లో వెలసిన బాలికల ఉన్నత పాఠశాల మన నారాయణగూడలో నున్నది. ఆడపిల్లకు చదువేల యని యడిగిన ఆ కాలపువారికి ఇంతకంటె మంచి సమాధానము మాకు తోచదు: తన పేరు వ్రాయుటకు ముందు, దాని పైనున్నదానిని చదువుకొనుటకు.

కావున అట్టి కాగితము వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. దేనిని వదులుకొనుచున్నాను? ఎవరికి? ఎందుకు? మొదటి రెంటికి జవాబు పత్రములోనే యుండవలెను. లేనిచో న్యాయవాదికి చూపక చేవ్రాలు చేయవలదు. మూడవదానికి జవాబు మీ మనసులో నుండవలెను.