దంతకవచం పళ్ళను కాస్తుంది, మరి శ్వాసను?

నిద్రలో పళ్ళు నూరేవారికి తమకా అలవాటు ఉన్నట్లు సాధారణంగా తెలియదు. ఆ కరకర శబ్దం ప్రక్కన పడుకొన్నవారికి వినిపిస్తుంది. లేకపోతే దంతవైద్యులు అరిగిన పళ్ళను చూసి చెబుతారు. ఉదయం లేచేసరికి దవడలు బిగుసుకొని ఉండడం, కణతలలో నొప్పి, చల్లని నీళ్ళు తగలగానే పళ్ళు జివ్వుమనడం, పంటికి పెట్టించిన సిమెంటు తరచు ఊడిపోవడం దీని లక్షణాలు. వయోజనులలో సుమారు నూటికి 8 నుంచి 10 మందికి ఈ అలవాటు ఉంటుంది.

దీనిని తేలికగా తీసుకోరాదు. మన శరీరంలో అన్నిటికంటె కఠినమైన పదార్థం పంటిపై నుండే ఎనామిల్. విరిగిన ఎముక అతుకుకొంటుంది, తెగిన చర్మం మానుతుంది. కాని ఎనామిల్‌ను నిర్మించే కణాలు పన్ను చిగురును చీల్చుకొని బయటకు వచ్చేసరికే అంతరిస్తాయి. అందువలన అరిగిపోయిన ఎనామిల్ మరల పెరగదు.

ఈ అరుగుదలను ఆపడానికి దంతవైద్యులు రాత్రిపూట ధరించే దంతకవచాన్ని సూచిస్తారు. మీ పళ్ళ అచ్చు తీసి, దాని ప్రకారం గట్టి యాక్రిలిక్‌తో, సాధారణంగా పై పళ్ళకు తొడుగుగా దీనిని తయారు చేస్తారు. నోటిలో అమర్చి, కింది పళ్ళన్నీ దానిపై సమానంగా ఆనేటట్లు సరిచేస్తారు. పళ్ళు ఒకదానినొకటి రాచుకొనే బదులు ఆ కవచం అరుగుతుంది. వేడినీళ్ళలో మెత్తబరచి, కరచి, ఆకారం తెచ్చుకొనే తొడుగులు బజారులో తక్కువ ధరకు దొరుకుతాయి. కాని అవి పళ్ళకు సరిగా అమరవు. మెత్తగా ఉండడం వలన కొందరు వాటిని ఇంకా ఎక్కువగా నములుతారు. కొన్ని పళ్ళను మాత్రమే కప్పే తొడుగులను నెలల తరబడి వాడితే తక్కిన పళ్ళు స్థానం తప్పే ప్రమాదమున్నది. కనుక కవచం అవసరమైనవారు కొలత ప్రకారం చేయించుకొన్నదే వాడాలని నా సలహా.

అయితే కవచం పళ్ళను కాపాడుతుంది గాని, పళ్ళు నూరే అలవాటును మాన్పిస్తుందని రుజువు కాలేదు. 2007లో వెలువడిన కాక్రేన్ సమీక్ష కూడా తగిన ఆధారాలు లేవనే తేల్చింది. కారణం అలాగే మిగిలి ఉంటుంది. ఆ కారణాన్ని వెదకకుండా కవచం చేయించుకొని ఊరుకోవడం సరికాదు.

పళ్ళు నూరేవారిలో కొందరికి నిద్రలో శ్వాస ఆగిపోయే స్లీప్ ఆప్నియా కూడా ఉంటుంది. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనుకకు జారి, శ్వాసమార్గం మూసుకొంటుంది. 10 సెకండ్లు, అంతకు మించి శ్వాస ఆగిపోవడం లేదా బాగా తగ్గిపోవడం గంటకు 5 సార్లు గాని అంతకంటె ఎక్కువగా గాని జరిగితే అది వ్యాధి లక్షణం. 30 సార్లు, ఆ పైన అయితే తీవ్రమైనది. రక్తపు పోటు మందులకు లొంగకపోవడానికి, పగటిపూట వాహనం నడుపుతూ కునుకు తీయడానికి ఇది కారణం కావచ్చు. 2004లో స్లీప్ ఆప్నియా ఉన్న 10 మందికి పై పళ్ళ కవచం అమర్చి పరిశీలిస్తే, కొందరిలో శ్వాస అవరోధాలు పెరిగాయి. అంత చిన్న అధ్యయనంతో తీర్పు చెప్పలేము. కాని హెచ్చరికగా తీసుకోవడానికి అది చాలును. అందుచేత పెద్ద గురక ఉన్నవారికి శ్వాస సంగతి విచారించకుండా దంతకవచం అమర్చరాదని నా నిశ్చితాభిప్రాయం.

కింది దవడను ముందుకు జరిపి పట్టి ఉంచే మరొక సాధనం ఉన్నది. తేలికపాటి, మధ్యస్థమైన స్లీప్ ఆప్నియాకు అది ఉపయోగపడుతుంది. పళ్ళను కాచే కవచం వేరు, అది వేరు. తీవ్రమైన వ్యాధికి గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రమే ప్రధాన చికిత్స.

ఇతర కారణాలను కూడా వెదకాలి. మానసిక ఒత్తిడి, మద్యం, పొగాకు, రాత్రివేళ కాఫీ, టీలు ఈ అలవాటును పెంచుతాయి. మానసిక కుంగుదలకు వాడే ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రాలిన్ వంటి మందుల వలన కూడా ఇది కలుగవచ్చు. అటువంటప్పుడు మందును మీ అంతట మీరు మానవద్దు. వ్రాసిన వైద్యునికి చెప్పండి. పిల్లలు పళ్ళు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయని మన పెద్దలు చెబుతారు. దానికి గట్టి ఆధారం లేదు. చాలామంది పిల్లలలో ఇది పెరిగేకొద్దీ దానంతటదే తగ్గుతుంది. దవడలు, పళ్ళు ఎదుగుతున్న వయసు కనుక వారికి సాధారణంగా కవచం పెట్టరు. కాని పిల్లవాడు గురక పెడుతూ, నోటితో గాలి పీలుస్తూ ఉంటే టాన్సిళ్ళు, ఎడినాయిడ్లు పరీక్ష చేయించాలి.

కవచాన్ని ప్రతి ఉదయం చల్లని నీటితో, మెత్తని బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, గాలి ఆడే డబ్బాలో ఉంచండి. వేడినీటిలో వేస్తే దాని ఆకారం మారుతుంది. దంతవైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు వెంట తీసుకొని వెళ్ళండి. పంటికి కొత్తగా తొడుగు వేయించుకొన్నా, పన్ను తీయించుకొన్నా కవచాన్ని తిరిగి సరిచూడాలి.

కవచం చేయించుకొనే ముందు ఇంట్లోవారిని రెండు ప్రశ్నలు అడగండి: ‘నేను గురక పెడుతున్నానా? మధ్యలో ఊపిరి ఆగినట్లుంటున్నదా?’ జవాబు ‘అవును’ అయితే దంతవైద్యునితో ఆ మాట తప్పక చెప్పి, ఒక రాత్రి నిద్ర పరీక్ష చేయించుకోండి. మీ నిద్రను మీరు చూడలేరు. చూసినవారి మాటకు విలువ ఇవ్వండి.