సేంద్రియం సంపన్నుల సొత్తేనా?

పురుగుమందుల అవశేషాలు లేని తిండి తినాలన్న కోరిక దేశంలోని అన్ని వర్గాలకూ ఉంది. ఆ కోరికను తీర్చుకొనే స్తోమత మాత్రం కొద్దిమందికే ఉంది. సేంద్రియ ముద్ర ఉన్న బియ్యం, పప్పు, కూరగాయలు మామూలు సరుకు కంటే ఎక్కువ ధర పలుకుతున్నాయి. నెల జీతాన్ని అద్దెకు, పాలకు, పిల్లల ఫీజులకు పంచి, మిగిలిన దానితో సంచి పట్టుకొని సంతకు వెళ్లే గృహిణికి ఆ ధరలు అందుబాటులో లేవు. సహజ వ్యవసాయానికి జాతీయ స్థాయిలో పథకాలు ప్రకటిస్తున్న ప్రభుత్వాలు ఆ పంట చివరకు ఎవరి కంచంలోకి చేరుతున్నదన్న ప్రశ్నను పట్టించుకోకపోవడం శోచనీయం.

సామాన్యుడి కంచం విలువ ఎంతో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2023-24 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామాల్లో తలసరి నెలసరి వ్యయం 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996 రూపాయలు. అందులో ఆహారానికి వెళ్లేది గ్రామాల్లో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం. అంటే పల్లెలో ఒక మనిషి రోజు తిండికి సుమారు 65 రూపాయలు, పట్నంలో సుమారు 93 రూపాయలు ఖర్చవుతున్నాయన్న మాట. ఇవి సగటు లెక్కలు. సగటుకు దిగువన ఉన్నవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. పట్టణంలో నలుగురున్న కుటుంబం ఆహార వ్యయం నెలకు 11,100 రూపాయలు అనుకొంటే, సరుకులన్నీ ఒకటిన్నర రెట్ల ధరకు కొనవలసి వచ్చినప్పుడు ఆ ఖర్చు 16,650 రూపాయలకు చేరుతుంది. అదనంగా కావలసిన అయిదున్నర వేలు ఏ పద్దు నుంచి తీయాలి? బడి ఫీజు నుంచా, మందుల ఖర్చు నుంచా?

ఈ ధరల వ్యత్యాసానికి వ్యాపారుల లాభాపేక్ష ఒక్కటే కారణం కాదు. జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం నిబంధనల ప్రకారం రసాయనాలు మానిన పొలం ధ్రువీకరణ పొందాలంటే ఏడాది పంటలకు రెండేళ్లు, పండ్లతోటలకు మూడేళ్లు ఆగాలి. ఆ కాలంలో దిగుబడి తగ్గినా నష్టం రైతుదే, ముద్ర లేదు కనుక అదనపు ధర రానిదీ రైతుకే. కలుపుతీతకు, కషాయాల తయారీకి కూలీలు ఎక్కువ కావాలి. సరుకు కొద్దికొద్దిగా వస్తుంది కనుక రవాణా, నిల్వ ఖర్చులు కిలో లెక్కన పెరుగుతాయి. పైగా ధ్రువీకరణ పొందిన పంటలో చెప్పుకోదగిన భాగం ఓడలెక్కి పోతున్నది. 2023-24లో దేశం సుమారు 2.61 లక్షల టన్నుల సేంద్రియ ఉత్పత్తులను ఎగుమతి చేసి, 49 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించింది.

వీటన్నిటికీ మించిన కారణం మరొకటి ఉంది. 45 కిలోల యూరియా బస్తా రైతుకు సుమారు 266 రూపాయలకే దొరుకుతున్నది. దాని అసలు ఖరీదు అంతకు అనేక రెట్లు. మిగతా భారాన్ని ఖజానా భరిస్తున్నది. అంతర్జాతీయ ధరలు భగ్గుమన్న 2022-23లో కేంద్రం ఎరువుల సబ్సిడీకి రెండున్నర లక్షల కోట్ల రూపాయలు వెచ్చించింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ సహజ వ్యవసాయ మిషన్‌కు కేటాయించినది మొత్తం 2,481 కోట్లు. ఒక పంటకు ప్రజాధనంతో ధర తగ్గించి, రెండో పంటను బజారు దయకు వదిలేసి, రెండోది ఖరీదైనదని చెప్పడం సరైన లెక్క కాదు. వినియోగదారుడు పన్ను రూపంలో ఒకసారి చెల్లించి, సేంద్రియ సరుకు కోసం మళ్లీ అధిక ధర చెల్లించవలసి వస్తున్నది.

ఇంత ఖర్చుకు తగిన ఫలితం ఉందా అన్నది సామాన్యుడి న్యాయమైన సందేహం. సేంద్రియ ఆహారంలో పోషకాలు గణనీయంగా ఎక్కువని చెప్పడానికి బలమైన ఆధారాలు లేవని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో అనేక అధ్యయనాలను సమీక్షించి తేల్చారు. పురుగుమందుల అవశేషాలు మాత్రం వాటిలో తక్కువగా ఉండే అవకాశం ఉందని వారే చెప్పారు. ఈ రెండు మాటలనూ కలిపి చదువుకోవాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం రోజుకు 2,000 కేలరీలు అవసరమయ్యే వ్యక్తి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇటువంటి దేశంలో సేంద్రియ ముద్ర కోసం కూర పరిమాణాన్ని సగానికి తగ్గించుకోవడం తెలివైన పని కాదు. కిలో మామూలు తోటకూరను ఉప్పునీటిలో నానబెట్టి, నాలుగైదు నీళ్లలో కడిగి వండుకొన్న ఇల్లు, ముద్ర వేసిన పావుకిలో కట్టతో సరిపెట్టుకొన్న ఇంటికంటే ఆరోగ్యంగా ఉంటుంది. ముందు కడుపు నిండాలి, తరువాత కంచం శుభ్రపడాలి. ఈ వరుస తప్పితే మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అన్న చందమవుతుంది.

అలాగని ఇరుకు బడ్జెట్ ఉన్న కుటుంబాలు ఈ కోరికను పూర్తిగా వదులుకోవలసిన పని లేదు. పైన చెప్పిన సర్వేలోనే ఒక దారి కనిపిస్తుంది. పట్టణ కుటుంబాల మొత్తం వ్యయంలో కూరగాయలకు వెళ్లేది సుమారు 4 శాతం. పానీయాలు, చిరుతిళ్లు, తయారైన ఆహార పదార్థాలకు వెళ్లేది సుమారు 11 శాతం. నలుగురున్న ఇంట్లో మొదటిది నెలకు 1,150 రూపాయలైతే రెండోది 3,100 రూపాయలు. ఈ రెండో పద్దులో కూలీ తాగే టీ, పనిచోట కొనుక్కొనే భోజనం కూడా ఉన్నాయి కనుక అదంతా దుబారా అనడం అన్యాయం. కాని చిప్సు పొట్లాలు, సీసాల్లోని తీపి పానీయాలు కూడా అందులోవే. కూరగాయలన్నిటినీ ఒకటిన్నర రెట్ల ధరకు కొన్నా నెలకు అదనంగా పడేది 575 రూపాయలు. రెండో పద్దులో అయిదో వంతు తగ్గించుకోగలిగిన ఇంటికి ఆ సొమ్ము అక్కడే దొరుకుతుంది. తగ్గించుకోవడానికి ఏమీ లేని ఇళ్ల సంగతి వేరు. వారి గురించి ఆలోచించవలసింది ప్రభుత్వం.

సరుకులన్నీ ఒకేసారి మార్చనక్కర లేదు కూడా. పచ్చిమిర్చి, కాలీఫ్లవరు, వంకాయ, ఆకుకూరలు, ద్రాక్ష వంటి వాటిపై మందుల పిచికారీ ఎక్కువ. పైగా వాటిని తొక్కతోనే తింటాం. మొదట మార్చుకోవలసినవి ఇవి. తొక్క తీసి తినే అరటి, కొబ్బరి, ఉల్లి, గుమ్మడి వంటివి ఆ తరువాత చూసుకోవచ్చు. వర్షాధార భూముల్లో పండే కొర్రలు, సామలు, రాగులు, జొన్నలకు రైతులు రసాయనాలు వాడేది మొదటినుంచీ తక్కువే. వాటికి ముద్ర ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు. కొత్త కందులు వచ్చే రోజుల్లో ఏడాదికి సరిపడా పప్పు, వేసవి మొదట్లో ఏడాదికి సరిపడా చింతపండు తెలిసిన రైతు దగ్గర తీసుకొని నాలుగిళ్లవారు పంచుకోవడం మన పెద్దల నాటి పద్ధతి. మధ్యవర్తి కమిషన్ అక్కడే మిగులుతుంది. పెరట్లో ఒక మునగచెట్టు, గోడ పక్కన బచ్చలి తీగ, డాబా మీద పాత బకెట్లలో తోటకూర, గోంగూర ఉంటే ఆకుకూరల ఖర్చే తగ్గిపోతుంది.

మోసపోకుండా ఉండడం కూడా పొదుపులో భాగమే. 'సహజమైన', 'తోట నుంచి తాజాగా' అన్న మాటలు అట్టపెట్టె మీద ఉన్నంత మాత్రాన అది సేంద్రియం కాదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2017లో చేసిన నిబంధనల ప్రకారం సేంద్రియమని అమ్మే సరుకుకు జాతీయ కార్యక్రమం కింద గాని, రైతు బృందాలు పరస్పరం తనిఖీ చేసుకొనే భాగస్వామ్య హామీ పద్ధతి కింద గాని ధ్రువీకరణ ఉండాలి. 'జైవిక్ భారత్' గుర్తును చూసి కొనవచ్చు. నేరుగా వినియోగదారుకు అమ్ముకొనే చిన్న రైతులకు ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. అక్కడ రైతు మీద నమ్మకమే ముద్ర. పొలాన్ని వెళ్లి చూడగలిగిన దూరంలో ఉన్న రైతును ఎంచుకోవడం అందుకే మంచిది.

కుటుంబం చేయగలిగింది ఇంతవరకే. ఆపై బాధ్యత ప్రభుత్వాలది. ఈ విషయంలో దేశానికి అనుభవాల కొరత లేదు. సిక్కిం 2003లో సంకల్పం చెప్పుకొని, సుమారు 75 వేల హెక్టార్లను దశలవారీగా మార్చుకొని, 2016 జనవరిలో పూర్తి సేంద్రియ రాష్ట్రంగా గుర్తింపు పొందింది. అంతర్జాతీయ పురస్కారాలు వచ్చాయి. అయినా ఆ రాష్ట్ర ప్రజల అవసరాలు స్థానిక పంటతో తీరవు. బియ్యం, కూరగాయలు సిలిగురి మీదుగా రావలసిందే. 2018లో బయటి నుంచి వచ్చే కొన్ని సేంద్రియేతర కూరగాయల అమ్మకాన్ని నిషేధించినప్పుడు ధరల భారం అక్కడి మధ్యతరగతి మీదే పడింది.

పొరుగున ఉన్న శ్రీలంక అనుభవం మరింత చేదైనది. 2021లో గొటబాయ రాజపక్స ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క కలం పోటుతో నిషేధించింది. రైతులకు శిక్షణ లేదు, ప్రత్యామ్నాయ ఎరువులు లేవు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది. ఆ ఏడాది నవంబరు నాటికే నిషేధాన్ని ఎత్తివేయవలసి వచ్చింది. విదేశ మారకద్రవ్య సంక్షోభం దానికి తోడై 2022 సెప్టెంబరు నాటికి కొలంబోలో ఆహార ద్రవ్యోల్బణం 90 శాతం దాటింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. ఆ తొందరపాటుకు మూల్యం చెల్లించింది పేదవాడి వంటిల్లే.

తెలుగు నేల మీద ఇందుకు భిన్నమైన ప్రయత్నాలు జరిగాయి. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల గ్రామం రెండు దశాబ్దాల కిందటే పురుగుమందులను వదిలిపెట్టింది. అప్పుల పాలైన రైతులు పెట్టుబడి తగ్గించుకోవడానికే ఆ దారి పట్టారు. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యాన మహిళా స్వయంసహాయక సంఘాల ద్వారా సాగుతున్న సహజ వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారంలో భాగం దక్కింది. అంతకు ముందే, 1990లలో, జహీరాబాదు ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో బీడు భూముల్లో జొన్నలు పండించి, ఆ గింజలను ఊళ్లోనే పేదలకు తక్కువ ధరకు పంచే సొంత చౌక దుకాణాల వ్యవస్థను నడిపాయి. రసాయనాలు లేని తిండి పేదల తిండి కాగలదని ఆ మహిళలు అప్పుడే రుజువు చేశారు. ఎక్కడ పండిందో అక్కడే వినియోగించడం, మధ్యలో ఎవరూ లేకపోవడం వారి విజయ రహస్యం.

ఈ అనుభవాల నుంచి ప్రభుత్వాలు గ్రహించవలసినవి కొన్ని ఉన్నాయి. జాతీయ ఆహార భద్రత చట్టం కింద దాదాపు 80 కోట్ల మందికి ఉచితంగా ధాన్యం అందుతున్నది. ఆ ధాన్యంలో కొంత భాగాన్ని సహజ పద్ధతిలో పండించిన చిరుధాన్యాల రూపంలో స్థానికంగానే సేకరిస్తే రైతుకు నికరమైన కొనుగోలుదారు, పేదకు మెరుగైన తిండి దొరుకుతాయి. బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి, అంగన్‌వాడీలకు ఆకుకూరలు చుట్టుపక్కల సంఘాల నుంచే కొనవచ్చు. 1999లో మొదలైన రైతుబజార్లలో సహజ వ్యవసాయదారులకు ప్రత్యేక స్థలం ఇచ్చి, రవాణా వసతి కల్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మార్పిడి కాలంలో రైతు నష్టాన్ని కొంతైనా భరించడానికి ఎరువుల సబ్సిడీలో చిన్న భాగం మళ్లించినా చాలు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది మామూలు కూరగాయల భద్రత. పురుగుమందులపై నేటికీ ఆధారం 1968 నాటి చట్టం. కూరగాయలపై వాడరాదన్న మోనోక్రోటోఫాస్ వంటి మందుల విషయంలో కాగితం మీది నిషేధం పొలం దాకా చేరిందో లేదో ఎప్పటికప్పుడు తనిఖీ జరగాలి. జిల్లా మార్కెట్లలో నమూనాలు తీసి, అవశేషాలను పరీక్షించి, ఫలితాలను ప్రజలకు తెలియజేయాలి. సేంద్రియం కొనలేని కోట్ల కుటుంబాలకు అసలైన రక్షణ అదే. సురక్షితమైన తిండిని ఖరీదైన దుకాణాల అరల్లో వెతుక్కోమనడం పౌరుల పట్ల ప్రభుత్వం తన బాధ్యతను వదులుకోవడమే. వీధి చివర తోపుడు బండి మీద కొన్న వంకాయను కూడా భయం లేకుండా వండుకోగలిగిన నాడే సహజ వ్యవసాయానికి పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమైనట్లు.