వేగం ఎవడిది? జుర్మానా ఎవడికి?

బండి వేగంగా నడిపినోణ్ణి, రోడ్ల మీద రేసులు పెట్టినోణ్ణి కఠినంగా శిక్షించడం న్యాయమేనా అని పెద్దమనుషులు చర్చలు పెడుతున్నారు. న్యాయమే. ఇందులో మాకు రెండో మాట లేదు. ఎందుకంటే ఆ చక్రాల కింద పడేది ఎక్కువగా మనోళ్ళే. తెల్లారకముందే చీపురు పట్టి నారాయణగూడ చౌరస్తా ఊడ్చే ఆడవాళ్ళు, చిక్కడపల్లిలో తోపుడు బండి నెట్టేవాళ్ళు, బస్సు దిగి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటే కూలీలు.

2022 మార్చిలో జూబ్లీహిల్స్‌లో ఏం జరిగింది? రోడ్డు మీద బుడగలు అమ్ముకుని బతికే ఆడవాళ్ళను ఎమ్మెల్యే స్టిక్కరున్న కారు గుద్దింది. చంకలోని పసిబిడ్డ చచ్చిపోయింది. కారులో కూర్చున్నోళ్ళకు సీటు బెల్టుంది. బుడగలమ్మే తల్లికి ఏముంది?

కాబట్టి మా పేచీ కఠినమైన చట్టంతో కాదు. ఆ చట్టంలో సగమే నడుస్తున్నది, అదీ బీదోడి మీదనే నడుస్తున్నది. అదీ మా పేచీ.

అశోక్‌నగర్ వచ్చి చూడండి. గ్రూప్స్ కోచింగ్ కోసం పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఇరుకు గదుల్లో ఉంటారు. పగలంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదివి, రాత్రయితే కొందరు వీపున సంచి తగిలించుకుని ఇంటింటికీ తిండి చేరవేస్తారు. ఎన్ని ఆర్డర్లు మోస్తే అంత ఇన్సెంటివ్. కెమెరాకు చిక్కితే వెయ్యి రూపాయల చలాన్. వాడికది ఒక రోజు కష్టం. కోటి రూపాయల కారున్నోడికి అదే వెయ్యి ఒక పూట కాఫీ ఖర్చు. ఇద్దరికీ ఒకే జుర్మానా వెయ్యడం సమానత్వం అంటారా? ఫిన్లాండ్‌లో మనిషి ఆదాయాన్ని బట్టి జుర్మానా వేస్తారు. 2002లో నోకియా కంపెనీ పెద్ద అధికారి ఒకాయన 50 కిలోమీటర్ల వేగమే ఉండాల్సిన చోట 75తో పోయినందుకు 116000 యూరోలు వేశారు. తర్వాత అప్పీలులో తగ్గించారనుకోండి. కానీ అక్కడ చట్టం డబ్బున్నోడిక్కూడా నొప్పి తెలిసేట్టు కొడుతుంది. ఇక్కడ ఏమైంది? 2022లో పాత చలాన్లకు రాయితీ ఇస్తూ సర్కారు చదివిన జాబితాలో తోపుడు బండ్లు కూడా ఉన్నాయి! రోడ్డు మీద బండి నెట్టేవాడిక్కూడా చలాన్లు రాశారన్నమాట.

ఇక అసలు సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ చదవండి. వేగంగా నడిపినోడే కాదు, తన కింద పనిచేసేవాడితో, తన అదుపులో ఉన్నవాడితో అట్లా నడిపించినోడూ నేరస్తుడే. ఇంత సేపట్లో చేరాలె అని హుకుం ఇచ్చి, వేగం మీరకుండా అది సాధ్యం కాదని కోర్టు అనుకుంటే, ఆ హుకుమే నేరానికి ప్రాథమిక సాక్ష్యం. మరి 2021, 2022లలో పది నిమిషాల్లో సరుకులు, పది నిమిషాల్లో తిండి అని ఊరంతా చాటింపేసిన కంపెనీల సంగతేంది? పిల్లగాడికి గడువు పెట్టలేదు, దుకాణం దగ్గరుంది అంటాయవి. సరే, మరి బేరం పెంచుకుంటేనే బతుకు అన్నట్టు ఇన్సెంటివ్ పెట్టిందెవరు? వాడు మా ఉద్యోగి కాదు, పార్ట్‌నర్ అంటాయి. చట్టం ఉద్యోగి దగ్గర ఆగలేదు, అదుపులో ఉన్నవాడు అని కూడా అన్నది. ఈ సెక్షన్ కింద ఒక్క కంపెనీ యజమానినైనా బోనెక్కించారని ఎవరైనా విన్నారా?

రేసుల సంగతీ అంతే. 189వ సెక్షన్ ప్రకారం సర్కారు రాతపూర్వక అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెడితే నేరం. 2019 సవరణతో మొదటిసారికి 3 నెలల దాకా జైలు, లేదంటే 5000 దాకా జుర్మానా, లేదంటే రెండూ. మంచిదే. కానీ 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, అశోక్‌నగర్‌కు కూతవేటు దూరంలో, సర్కారే రోడ్లు మూసి ఫార్ములా ఈ కార్ల పందెం పెట్టింది. దారి మూసుకుపోయి అవస్థపడ్డది ఎవరు? బస్సెక్కేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు. అనుమతుంటే పండగ, లేకపోతే కేసు!

అందుకే మేమనేది: చట్టం ఇంకా కఠినంగానే ఉండాలె. జుర్మానా ఆదాయాన్ని బట్టి వెయ్యాలె. వేగం పుట్టించే కంపెనీని బండి నడిపినోడి పక్కనే నిలబెట్టాలె. రోడ్డు ఊడ్చే చెల్లె ప్రాణానికీ, కారులో పోయే దొర ప్రాణానికీ ఒకే విలువ కట్టేదాకా, కెమెరాలెన్ని పెట్టినా అవి వసూలు పెట్టెలే తప్ప న్యాయం కాదు.