చూపే పాత్ర, దాచే కుండ

ఆనేకల్లులో కాపురముండి కరగ చూడని తెలుగు కుటుంబం ఉండదనుకొంటాము. మల్లెపూలతో కప్పిన కరగను తలమీద పెట్టుకొని, స్త్రీ వేషంలో పూజారి నడిచి వస్తాడు. చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులు. కుండను చేత్తో పట్టుకోరాదు. లోపల ఏమున్నదని పిల్లలు అడిగితే పెద్దలు నోటిమీద వేలు వేస్తారు. అడగకపోవటమే అక్కడి మర్యాద.

అయితే ఈ చుట్టుపట్ల కథోలికులను పొరుగున పెట్టుకొని, మూడు తరాలైనా వారి గుడిలోకి తొంగిచూడనివారిని మేము ఎరుగుదుము. అక్కడా అడగరాదనే సంకోచం కాబోలు! కాని వారి పూజాపాత్రలలో ఒకటి చూపటానికే పుట్టినది. దాని పేరు మాన్‌స్ట్రెన్సు. లాటిన్ భాషలో 'మోన్‌స్ట్రారే' అంటే చూపుట. తమిళ కథోలికులు 'కదిర్ పాత్రం' అంటారు, అంటే కిరణాల పాత్ర.

అడుగున పీట, పైన పొడుగాటి కాడ, కాడమీద సూర్యబింబంవలె కిరణాలు, నట్టనడుమ గుండ్రని గాజు. ఆ గాజులో, దివ్యబలిపూజలో గురువు ప్రతిష్ఠించిన పలుచని గోధుమ అప్పం ఉంటుంది. అది సాక్షాత్తు క్రీస్తు శరీరమేనని వారి విశ్వాసం. దానిని కన్నులారా చూడవలెనన్న తపన ఐరోపాలో 13వ శతాబ్దిలో బలపడ్డది. 1264లో నాల్గవ ఉర్బన్ పోపు దానికొక పండుగను నియమించినాడు. పండుగతో ఊరేగింపులు, ఊరేగింపులతో ఈ పాత్రలు వచ్చినవి. కిరణాల సొగసు తరువాతిది. పాత పాత్రలు చాలావరకు గోపురాల మాదిరివి.

బంగారు వస్తువు కనబడితే మనవాళ్ళ మొదటి ప్రశ్న, "ఎన్ని తులాలు?" అని. తులాలకు లెక్కలేనివి ఉన్నమాట నిజమే. తూర్పు ఆఫ్రికాలోని కిల్వా రాజు కట్టిన కప్పాన్ని వాస్కోడగామా తీసుకొనిపోగా, ఆ బంగారంతో 1506లో పోర్చుగల్లు రాజు చేయించిన పాత్ర నేటికీ లిస్బన్‌లో ఉన్నది. ఇంకొకరి కప్పం దేవుడికి కానుకైనదన్నమాట! మామూలు గుళ్ళలో మాత్రం తరచు ఇత్తడిమీద బంగారుపూతే. నడుమ ఉన్నది ఎక్కడైనా కాస్త గోధుమపిండి, నీళ్ళు.

ఇంతకూ వీటిని చేసిన చేతులెవరివి? 1567లో గోవాలో కూడిన మతగురువుల మహాసభ, క్రైస్తవులుకాని పనివారిచేత గుడి వస్తువులు చేయించరాదని శాసించింది. ఆ నిషేధాన్ని తరువాత మళ్ళీ మళ్ళీ చాటవలసివచ్చింది. మన కంసాలుల పనితనం లేనిదే వారికి సాగలేదనే గదా దీని అర్థం! పాత గోవాలోని క్రైస్తవ కళా ప్రదర్శనశాలలో పెలికన్ పక్షి రూపంతో చేసిన పాత్ర ఒకటున్నది. తన రక్తంతో పిల్లలను పోషించే పక్షి అని దానికి పాత కథ.

కరగలో చేయి తగలనీయనట్లే ఇక్కడా ఒక ఏర్పాటున్నది. పాత్రతో ప్రజలను ఆశీర్వదించేటప్పుడు గురువు భుజాలమీద పొడుగాటి వస్త్రం వేసుకొని, దాని అంచులతో చేతులు కప్పుకొని మరీ పట్టుకొంటాడు. దీవించేది తాను కాదని దాని భావం.

ఈ పండుగ మన దేశంలో మే చివరనో జూన్‌లోనో ఒక ఆదివారంనాడు జరుపుతారు. ఊరేగింపు ఎదురైతే పక్కకు జరిగి నిలబడండి. ఫోను జేబులోనే ఉండనివ్వండి. దగ్గరగా చూడవలెనంటే పూజ ముగియనివ్వాలి. అప్పాన్ని మందసంలోకి మార్చి, ఖాళీ పాత్రను లోపలి గదికి తీసుకొనిపోతారు. అప్పుడు పిల్లలను వెంటబెట్టుకొనిపోయి గురువునడగండి.